మా వరుసలో వేడి దొంగ

సగం దినం

ఈ చిట్టాలో అంకెలు మాత్రమే రాయాలని గుండం ఆఫీసువాళ్ల ఉత్తర్వు. గొట్టం రెండు కొసల ఒత్తిడి ఎంత, చమురు వేడి ఎంత, వృథా ఎంత, అంతే. అంకెలు అవతలి పేజీలో రాశాను, కావలసినవాళ్లు చూసుకోవచ్చు. ఇవతలి పేజీలో మాత్రం నాకు కడుపు మండిన సంగతులు రాస్తాను. ఎవడూ చదవడు కాబట్టి భయం లేదు.

ఈ రోజు సగం దినం. వెచ్చవలసలో నెలకోసారి ప్రతి ఇల్లూ తన వాల్వును సగానికి తిప్పుకుంటుంది. నేల లోతుల్లోంచి వేడి తోడే గుండానికి ఒక రోజు విశ్రాంతి అన్నమాట. ముత్తాతలు ఈ మంచుగడ్డ లోకంలో దిగిన మొదటి ఏడాది గుండం మూలిగి ఆగిపోబోతే, అందరూ సగం వేడితో బతికి దాన్ని కాపాడుకున్నారట. అందుకని ఈ రోజు పిల్లలకి దుప్పట్లు కప్పి, మేం వణుకుతూ కూర్చుని ఆ కథే మళ్లీ చెప్పుకుంటాం. మర్నాడు పొద్దున్నే వాల్వును ఎర్ర గీత దాకా, అంటే పూర్తిగా, తెరిచెయ్యాలి. నిబంధన అది.

నేను చంపావతి వరుస తనిఖీదారుని. మా వరుసలన్నిటికీ పాత భూమి మీది నదుల పేర్లు పెట్టారు. నదిని చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు, మాకు పారేది చమురొక్కటే. పెద్ద గొట్టంలో వేడి చమురు వస్తుంది, ఇంటింటి గోడలోకి సన్న గొట్టంగా చీలుతుంది, ఇల్లు వెచ్చబెట్టి అవతల మళ్లీ కలిసి గుండానికి తిరిగి వెళుతుంది. ఆ చమురు ఆగితే గోడల మీద పేరుకునేది మంచు కాదు, మనం పీల్చే గాలే.

కొన్నాళ్లుగా మా వరుసలో వృథా ఎక్కువ వస్తోంది. చమురు గొట్టాన్ని రాసుకుంటూ పోతుంది కదా, ఆ రాపిడిలో పంపు పెట్టిన బలం కొంత చిల్లర వేడిగా చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ పోగుచేసి పంపుకి ఇవ్వడం బ్రహ్మతరం కాదు. పుస్తకాల్లో దాన్ని ఎంట్రోపీ పుట్టడం అంటారు, మేం వృథా అంటాం. మా బడిలో అక్షరాలకన్నా ముందు వల్లె వేయించే సూత్రం ఇది: నిలకడగా పారేది తక్కువ వృథా అయ్యేలా దారులు పంచుకుంటుంది. ఏ ఇంటికి ఎంత పోవాలో చమురే తేల్చుకుంటుంది, మొత్తం వృథా అంతకన్నా తగ్గడానికి వీల్లేనంత తక్కువగా. ఆ తక్కువ ఎంతో వరుస వరుసకీ ముత్తాతలు లెక్కగట్టి పట్టిక వేసి పోయారు. పట్టికకన్నా ఎక్కువ వచ్చిందంటే గొట్టాల్లో ఎవరో వేలు పెట్టారు. అంటే దొంగ ఉన్నాడు.

సాయంత్రం మా అమ్మాయి హిమజని చూద్దామని వెళ్లాను. పెళ్లయి మా వరుస మొదటి ఇంట్లోనే ఉంటోంది. శాలువా మీద శాలువా కప్పుకుని వెళ్లానా, తలుపు తియ్యగానే వేడి మొహానికి కొట్టింది. మా వియ్యపురాలు తవిటమ్మ పల్చటి నూలు చీరలో, చెంగు నడుముకి దోపుకుని, గోడ గొట్టం మీద గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. సగం దినాన! ఊరంతా పళ్లు టకటకలాడిస్తుంటే ఈవిడకి ఎండ కాసింది.

"రా వదినా, కూకో. ఏటలా సూస్తావు? వడియాలు ఎప్పుడూ సూడలేదేటి?" అంది.

"వడియాల్ని కాదు వదినా, వాటి కింద గొట్టాన్ని చూస్తున్నాను," అన్నాను.

"ఉద్యోగం గుమ్మంలో ఒగ్గీసి రావాల. లోపలకి వచ్చినప్పుడు సుట్టమై రావాల," అని నవ్వింది. వచ్చేటప్పుడు ఓ పొట్లం వడియాలు చేతిలో పెట్టింది. కరకరా ఎండిపోయి ఉన్నాయి. ఇంటికొచ్చి తినలేదు, బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను.

సగం దినం మర్నాడు

పొద్దున్నే వరుసంతా తిరిగాను. అందరి వాల్వులూ ఎర్ర గీత దాకా వచ్చాయా అని చూడడం నా పని. ఒక్కళ్లయినా సరిగ్గా తిప్పితే ఒట్టు. మా పక్కింటి అసిరి అయితే గుమ్మంలోనే ఎదురొచ్చి చెప్పింది: "నాను సగంలోనే ఉంచీసినాను రత్నమప్పా. దొంగ దొంగ అని గొడవవుతోంది కదేటి, మన మీద మాట రాకూడదు. సలేస్తే సలేసింది, పరువు ముక్యం."

అందరిదీ ఇదే పాట. కొందరు సగం, కొందరు పావు. వరుస పెద్ద చిట్టినాయుడు కిందటి కూడికలో, వరుస జనమంతా చేరినప్పుడు, "పొదుపుగా వాడేవోడికి దొంగ పేరు రాదు" అన్నాడు, అప్పట్నుంచీ వాల్వు బిగించుకోవడం పుణ్యకార్యమైపోయింది. నేనేమీ అనలేదు. ఎక్కువ తెరిస్తే తప్పుగానీ తక్కువ తెరిస్తే తప్పేముంది? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే జనం, పోనీలే అనుకున్నాను.

తవిటమ్మ ఇంట్లో మాత్రం వాల్వు సరిగ్గా ఎర్ర గీత మీద ఉంది. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. అంత నిక్కచ్చిగా గీత మీద పెట్టిందంటేనే నాకు అనుమానం బలపడింది. తప్పు చేసినవాళ్లకే కదా అంత జాగ్రత్త!

నా ఇంటి వాల్వు కూడా ఎర్ర గీత మీదే ఉంటుంది, కానీ అది వేరే సంగతి. తనిఖీదారు ఇంటి వాల్వుకి సగం దినం తప్ప ఎప్పుడూ ఆఫీసు సీలు ఉంటుంది, కొలతలకి ప్రమాణంగా.

దుమారం వీచిన రోజు

బయట గాలి రాళ్లు విసురుతోంది. పంపు కాపలా సూరప్పడు వచ్చి, పంపు ఇదివరకెప్పుడూ లేనంతగా మూలుగుతోందని చెప్పాడు. "కిందనుంచి తోస్తన్నాం, పైన ఎవుడో గొంతు పట్టుకున్నట్టుంది రత్నమ్మగోరూ. ఇలాగే ఉంటే పంపు పోద్ది. పంపు పోతే వరుస పోద్ది." వాడు మామూలుగా అన్నిటికీ నవ్వే మనిషి. ఇవాళ నవ్వలేదు.

లెక్కలు వేశాను. వృథా పట్టిక దాటి ఎక్కడికో పోయింది. వరుసలో అన్ని ఇళ్లూ చల్లగా ఉన్నాయి, ఒక్క తవిటమ్మ ఇల్లే వెచ్చగా ఉంది. వెచ్చదనంలో దాని తరవాత నా ఇల్లే, అది కూడా ఓ మోస్తరు. ఇంకేం కావాలి? గోడలో మామూలు సన్న గొట్టం తీసేసి లావు గొట్టం వేయించుకుని ఉంటుంది. నిప్పు లేనిదే పొగ రాదు.

వెళ్లి నేరుగా అడిగాను. "వదినా, గోడ ఓ మూల తవ్వి చూస్తాను. ఏమీ లేకపోతే నీకూ నాకూ కూడా మంచిదే."

తవిటమ్మ చేస్తున్న పని ఆపేసింది. "నా గోడ మా మాంగారు కట్టినాడు. దొంగనని నువ్వు అనుకున్నావని నా గోడ నాను తవ్వించుకుంటానేటి? రేపు నా పెట్టి సూస్తానంటావు, ఎల్లుండి నా కొంగు దులుపుతానంటావు. తవ్వనివ్వను. పోయి ఎవురికి సెప్పుకుంటావో సెప్పుకో."

హిమజ మధ్యలోకి వచ్చింది. "అమ్మా, నేను ఈ ఇంట్లోనే ఉంటున్నాను. గోడ ఎవరైనా తవ్వితే నాకు తెలియదా?"

"నీ పెళ్లికి ముందే తవ్వి ఉండొచ్చుగా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో గానీ వచ్చేసింది. హిమజ మొహం ఎర్రబడింది. తవిటమ్మ మాత్రం నా వంక చూసి, "నీ కూతురి ముందు అనీసినావు వదినా ఆ మాట," అంది మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. తలుపు నేనే వేసుకుని వచ్చేశాను.

కూడిక రోజు

కూడికలో పెద్దగా వాదన జరగలేదు. చిట్టినాయుడు అందరినీ అడిగాడు, గోడ చూపించనని తవిటమ్మ చెప్పింది. చూపించనన్నాక ఇంకేముంది, జనం తేల్చేసుకున్నారు. "ఇంటి దొంగని ఈశ్వరుడు పట్టలేడు గానీ మన రత్నమ్మ పట్టీసింది," అని ఎవరో అంటే నవ్వారు కూడా. నాకు ఆ క్షణంలో గర్వంగానే అనిపించింది. దాస్తే ఏం లాభం?

శిక్ష కోత. అంటే ఇంటి గొట్టాన్ని కట్టేసి, తలుపుకి సీలు వేస్తారు. ఆ ఇంటివాళ్లు గుండం పక్క ఉమ్మడి హాలులో చాపలేసుకు బతకాలి. శీతాకాలం వెళ్లేసరికి గోడలు మంచు పట్టి పగిలిపోతాయి, ఇంకెవరూ కాపురం ఉండలేరు. అంటే హిమజ కాపురానికి ఇల్లు లేనట్టే. నాకు అది తెలుసు. దొంగ పోతే పంపు బాగుపడుతుంది, పంపు బాగుపడితే వరుస బతుకుతుంది, ఆ తరవాత హిమజని, అల్లుడు లోకనాథాన్ని నా ఇంటికి తెచ్చుకోవచ్చు అని నాలో నేను సర్దిచెప్పుకున్నాను.

మా ఆచారంలో ఇంకో మెలిక ఉంది. గొట్టాన్ని మూసే కోత తాళాన్ని ఆ ఇంటికి చుట్టమైనవాళ్లే తిప్పాలి. పగతో చేశారని రేపు మాట రాకుండా ముత్తాతలు పెట్టిన పద్ధతి. వరుసలో తవిటమ్మకి చుట్టాన్ని నేనే.

కోత రోజు

తిప్పాను.

తవిటమ్మ మూట సర్దుకుని బయటికొచ్చింది. తాళం చేత్తో పట్టుకున్న నన్ను చూసి, "గట్టిగా తిప్పు వదినా, సగంలో ఒగ్గీకు," అంది. లోకనాథం వంచిన తల ఎత్తలేదు. హిమజతో "నువ్వు నాతో రావే, గది సర్ది ఉంచాను," అన్నాను. అది నా వంక చూడకుండానే అత్తగారి మూట అందుకుని ఆవిడ వెనకే హాలు వైపు నడిచింది. పిలిస్తే తిరిగి చూస్తుందేమో అని మలుపు దాకా నిలబడ్డాను. చూడలేదు.

కోత మర్నాడు

పంపు బాగుపడలేదు. ఇంకా ఎక్కువ మూలుగుతోందని సూరప్పడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు. వృథా తగ్గాలి, దొంగ పోయింది కదా. పెరిగింది.

ఇంకో సంగతి. వాడు మా ఇంట్లో అడుగు పెట్టి, శాలువా తీసేసి, "ఎచ్చగా ఉంది మీ ఇల్లు," అన్నాడు. అని గబుక్కున నోరు మూసుకున్నాడు. నేను గొట్టం మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

గోడ తవ్విన రోజు

రెండు రోజులుగా నా ఇల్లు వేడెక్కుతూనే ఉంది. నాకు ఒకటే అనుమానం, తవిటమ్మ పగ తీర్చుకుంటోందని. హాలు గుండం పక్కనే కదా, వెళ్లేటప్పుడు ఎవరినో పట్టుకుని నా గొట్టంలో ఏదో చేయించి ఉంటుంది. లేకపోతే లోకనాథం చేసి ఉంటాడు. అల్లుడని చూడకుండా వాడి మొహం గుర్తు తెచ్చుకుని మరీ తిట్టుకున్నాను. సుత్తి తీసుకుని నా గోడ నేనే బద్దలు కొట్టాను.

లోపల మామూలు గొట్టం ఉంది. ముత్తాతలు వేసింది, సన్నది, చెక్కుచెదరనిది.

సుత్తి చప్పుడుకి అసిరి వచ్చి గుమ్మంలో నిలబడింది. తవ్విన గోడ చూసింది, నా చేతిలో సుత్తి చూసింది, నా పల్చటి జాకెట్టు చూసింది. "ఏటి రత్నమప్పా, ఏటి దాసీస్తన్నావు?" అంది. దాయడం లేదే, వెతుకుతున్నానే అన్నాను. "అలాగే, అలాగే," అని వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది. సాయంత్రానికి వరుసలో నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నా మాట, నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

నేను దొంగతనంగా వేడి తియ్యలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నా గోడలో ఏమీ లేకుండానే నా ఇల్లు వెచ్చబడితే, ఆవిడ గోడలో ఏముండి ఆవిడ ఇల్లు వెచ్చబడింది? ఈ ప్రశ్న దగ్గర కూర్చుండిపోయాను. 

చమురు తీసి చూసిన రోజు

ఇన్నాళ్లూ దొంగని వెచ్చగా ఉన్న చోటే వెతికాం. చల్లటి ఇళ్ల గొట్టాలు ఎవరూ తెరిచి చూడలేదు, నాతో సహా. ఇవాళ సూరప్పణ్ణి వెంటబెట్టుకుని అసిరి ఇంటి గొట్టం అతుకు విప్పించాను. అసిరి గుమ్మంలో శాపనార్థాలు పెడుతూనే ఉంది. చమురు కారలేదు. పేరిన నెయ్యిలా ముద్దగా వచ్చి గొట్టం అంచున నిలబడింది.

"ఓలమ్మో, ఇదేటి, ఇది పారద్దా?" అన్నాడు సూరప్పడు.

పారదు. వాల్వు సగానికి బిగిస్తే ఇంట్లోకి చమురు తక్కువ వస్తుంది. తక్కువ వచ్చింది తొందరగా చల్లారుతుంది. చల్లారింది చిక్కబడుతుంది. చిక్కబడింది ఇంకా తక్కువ పారుతుంది. అలా వరుసంతా ఎవరి ఇంటి దారి వాళ్లే మూసుకున్నారు. పంపు తోసే చమురు ఎక్కడికి పోవాలి? పూర్తిగా తెరిచి ఉన్న రెండిళ్లలో, ముందుగా తగిలే తవిటమ్మ ఇంట్లోకి పోయింది. అక్కడ వేడిగా, పల్చగా ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ పోయింది. ఆ ఇంటిని మనం కోసేశాం. ఇప్పుడు పూర్తిగా తెరిచి ఉన్నది సీలు వేసిన నా వాల్వొకటే.

మరి సూత్రమో? సూత్రం తప్పు కాదు. చదువుకునే రోజుల్లో దాని కింద ఇంకో వాక్యం కూడా ఉండేది: చమురు చిక్కదనం అంతటా ఒకేలా ఉన్నప్పుడు. పరీక్షలో రాసి మర్చిపోయిన వాక్యం. బడిపిల్లలకి అది వల్లె వేయించరు, వల్లె వేయడానికి బావుండదు. ఇళ్లన్నీ ఒకే వేడిలో, వాల్వులన్నీ గీత మీద ఉంటేనే పట్టిక నిజం. మేం దొంగ ఉన్నాడని భయపడి వాల్వులు బిగించాం, బిగించినకొద్దీ దొంగ ఉన్నట్టు రుజువు పెరిగింది. అనుమానం పెనుభూతం అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

తవిటమ్మ చేసిందల్లా నిబంధన ప్రకారం వాల్వును సగం దినాన సగానికి, మిగతా రోజుల్లో గీత మీద పెట్టడం. ఛీ, నా బతుకు! ఆ మాట పైకే అన్నాను, సూరప్పడు అటు తిరిగి పనిముట్లు సర్దుకున్నాడు.

చిట్టినాయుడి ఇంటికి వెళ్లిన రోజు

అంతా చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు. విని, "సెల్లెమ్మా, నీ వియ్యపురాలి మీద కోత తిప్పినప్పుడు ఈ లెక్క ఎక్కడికి పోనాది? ఇప్పుడు నీ ఇంటి మీదకి వచ్చీసరికి కొత్త లెక్క పుట్టీసిందా?" అన్నాడు.

 అతని స్థానంలో నేనుంటే అదే అడిగేదాన్ని.

"సరే నాయుడుగారూ," అన్నాను, "నా వాల్వు సీలు తీసి ఇప్పుడే పూర్తిగా మూసేస్తాను. నేను చలికి చచ్చినా సరే తెరవను. నేను దొంగనైతే పంపు బాగుపడాలి. నేను చెప్పింది నిజమైతే రేపటికి వరుసలో ఇంకెవరి ఇల్లో వేడెక్కుతుంది. ఎవరిదో నాకూ తెలీదు. ఎవరు అందరికన్నా కాస్త ఎక్కువ తెరుచుకున్నారో వాళ్లది." అతన్ని మా ఇంటికి తీసుకొచ్చి, అతని ఎదురుగానే మూసేశాను. మొండిదాన్ని అని అందరూ అంటారు, ఇవాళ పనికొచ్చింది.

ఆ మర్నాడు

వణుకుతూ రాస్తున్నాను, అక్షరాలు కుదరడం లేదు. ఉదయం తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. చిట్టినాయుడు. నుదుట చెమట.

"సెల్లెమ్మా, నా ఇల్లు ఎచ్చబడీపోయింది. ఒట్టు, నానేటీ సెయ్యలేదు. మా ఇంటిది సలికి ఓర్వలేక ముప్పావు తిప్పుకున్నాది, నాకు సెప్పలేదు. అంతే. బయట జనం సూస్తన్నారు."

"భుజాలు తడుముకోకండి," అన్నాను. నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు, పళ్లు టకటకలాడుతున్నాయి. ఇంతలో సూరప్పడు వచ్చి పంపు ఇవాళ సాయంత్రం దాటదన్నాడు. పంపు ఆగితే ప్రతి గోడలోనూ చమురు గడ్డకడుతుంది, ఇక దాన్ని కరిగించే వేడి వెచ్చవలసలో ఎక్కడా లేదు.

తెరిచిన రోజు

పైది రాసిన పూటే అందరినీ హాలు ముందు పోగుచేశాం. చిట్టినాయుడే చెప్పాడు, వాల్వులన్నీ ఎర్ర గీత దాకా తెరవాలని. తన ఇల్లే వెచ్చబడింది కాబట్టి అతనికి ఇప్పుడు శాస్త్రం బాగా అర్థమైంది. జనానికి కూడా సగం అర్థమైంది. కానీ కదిలినవాడు లేడు.

"ముందు ఎవురు తెరుస్తారు?" అంది అసిరి. "ముందు తెరిసినోడి ఇల్లే కదా ఎచ్చబడుద్ది. రేపు ఇదంతా అబద్ధమని తేలితే దొంగ పేరు ఆడికే కదేటి?"

 నేను తెరుస్తానన్నాను. "నీ మాట ఎవుడు నమ్ముతాడు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. అదీ నిజమే, నా గొట్టం పూర్తిగా మూసి చమురు ముద్దకట్టింది, తెరిచినా వెంటనే పారదు. దేన్లోనైనా వెంటనే పారాలంటే అది పెద్ద గొట్టానికి దగ్గరగా ఉండాలి. వరుసలో మొదటి ఇల్లు తవిటమ్మది, మూసేసినా దాని గొట్టానికి పెద్ద గొట్టం వేడి తగులుతూనే ఉంటుంది.

ఆవిడ హాలు గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. హిమజ పక్కనే ఉంది. నేను ఆవిడ దగ్గరికి వెళ్లాను.  చుట్టంగా అడగాలా, ఉద్యోగంగా అడగాలా?

"వదినా," అని మాత్రం అన్నాను.

"తెలుసులే," అంది. "నాకెలాగూ దొంగ పేరు వచ్చీసింది. ఇంకోసారి వస్తే పోయేదేటుంది? బేగి పదండి, ఈ జనం ఇలాగే నిలబడితే గడ్డకట్టీస్తారు." అని ముందు నడిచింది. సీలు తెంపి, తాళం తనే తిప్పింది. చాలాసేపు ఏమీ కాలేదు. ఆవిడ రెండు చేతులూ గొట్టం మీద పెట్టుకుని నిలబడింది, మేమంతా వెనక నిలబడ్డాం. తరవాత గోడలో చిన్నగా గరగరమంది. ఆవిడ తల ఊపింది.

అప్పుడు కదిలారు. ఇంటింటికీ పరిగెత్తి అందరూ ఎర్ర గీత దాకా తిప్పారు. కదలని గొట్టాలకి దుప్పట్లు చుట్టి, కాగిన నీళ్లు పోసి, పిల్లలు కూడా చేతులతో రుద్ది కరిగించాం. సాయంత్రానికి పంపు మూలుగు తగ్గింది. రాత్రి కొలిస్తే వృథా పట్టిక దగ్గరికి దిగింది. చిట్టినాయుడు కోత రద్దు చేసి, కూడిక తరఫున తవిటమ్మకి దండం పెట్టాడు. నేను కాళ్లు పట్టుకోబోతే ఆవిడ లాగేసుకుని, "వదినలు కాళ్లు పట్టుకుంటే ఆయుక్షీణం, లే," అంది.

వేడి సమానమైన తరవాత

వరుసంతా ఒకే వేడిలో ఉంది. ఎవరి ఇంటికి వెళ్లినా ఒక పల్చటి శాలువా చాలు. ఈ నెల సగం దినం అయిపోగానే నేను ఇంటింటికీ వెళ్లి దగ్గరుండి గీత దాకా తిప్పించాను. ఎవరూ ఏమీ అనలేదు. అసిరి నవ్వింది కూడా.

హిమజ దగ్గరికి వెళ్లాను. ఆ ఇంటి గోడ ఓ పక్క మంచుకి బీటలు వారింది, లోకనాథం అతుకు వేశాడు. తవిటమ్మ టీ పెడతానని లోపలికి వెళ్లింది. మేమిద్దరం కూర్చున్నాం. హిమజ మామూలుగానే మాట్లాడుతోంది, తోట సంగతులు, పని సంగతులు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతా సర్దుకుందని అనుకున్నాను.

తరవాత గమనించాను. మాట్లాడుతున్నంతసేపూ అది మధ్యమధ్య గొట్టం ఉన్న గోడకేసి చూస్తోంది.

"ఏమిటే అటు చూస్తావు?" అన్నాను.

వెంటనే తల తిప్పుకుంది. "ఏం లేదు."

"హిమా."

కాసేపు చేతిగాజులు తిప్పుకుంది. "అత్త తియ్యలేదని నాకు తెలుసమ్మా. నువ్వు వేసిన లెక్క కూడా చూశాను, ఒక్కటీ తప్పు లేదు. ఆ రోజు నువ్వన్నావు చూడు, పెళ్లికి ముందే తవ్వి ఉండొచ్చని. ఆవిడ ఏదైనా గట్టిగా అంటే, తలుపేసుకుని పడుకుంటే, ఏదైనా పెట్టెలో దాస్తే నాకు అదే గుర్తొస్తోంది. వద్దనుకున్నా చూస్తున్నాను. ఆవిడకి కూడా తెలిసిపోయింది నేను చూస్తున్నానని."

"ఆవిడ తియ్యలేదే. నా మీద ఒట్టు," అన్నాను. నా గొంతు నాకే పనికిరానట్టు వినిపించింది. "కావాలంటే రేపు నేనే తవ్వి చూపిస్తాను, లోపల ఏమీ లేదని."

"వద్దమ్మా," అంది హిమజ. "చూశాక ఇంకోచోట చూస్తాను."

లోపలినుంచి తవిటమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. నాకొకటి, కోడలికొకటి ఇచ్చి, గోడకి వీపు ఆనించి మా ఎదురుగా కూర్చుంది. బాగుందా వదినా, పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. హిమజ తల ఎత్తకుండా తాగింది.